చెప్పింది ఎవరు? పర్లాకిమిడి ప్రాజెక్టు డైరీ

జూన్ 23

మొదటి విడత ఇంటర్వ్యూలు ముగిశాయి. ఒడిషా సరిహద్దు పట్టణం పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వెళ్లే దారిలో నాలుగు ఊళ్లు తిరిగి 31 మందితో మాట్లాడాను. 19 మంది పిల్లలు, ఏడుగురు తల్లులు, ఐదుగురు ఉపాధ్యాయులు. ఊళ్ల పేర్లు ఈ డైరీలో ఎక్కడా రాయను. ఊరికి ఒక్కటే బడి. "నాలుగో తరగతిలో తెలుగింటి అమ్మాయి" అంటే చాలు, ఎవరో పోల్చుకుంటారు.

నేను తేల్చుకోవాలనుకుంటున్నది ఒక్కటే. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఒడియాలో చెప్పే పాఠాన్ని ఎలా అందుకుంటున్నారు? మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం. అక్కడి పిల్లలకు ఈ ప్రశ్నే లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిషా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీని వదిలి ఇటు వచ్చింది. ఇళ్లలో మాట మాత్రం మారలేదు. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని రాజ్యాంగంలో 350-ఎ అధికరణం ఉంది, 1956లో చేర్చారు. తెలుగు బడి నడిచి వెళ్లేంత దూరంలో లేని ఊళ్లనే నేను ఎంచుకున్నాను.

ఇంటర్వ్యూలను చదివి, అంశాల వారీగా విడదీసి, జాబితా రాయడం నాకు అలవాటైన పద్ధతి. భాష, భయం, పుస్తకం, ఇంటి పని, హాజరు. జాబితాలో అన్నీ ఉంటాయి, ఏది దేనితో ముడిపడి ఉందో ఉండదు. ఈసారి ఆ ముడులనే చూడాలని ఉంది. 1930ల్లో జేకబ్ మొరేనో అమెరికాలో బడిపిల్లలను "నీ పక్కన ఎవరు కూర్చోవాలి?" అని అడిగి, వచ్చిన జవాబులను చుక్కలుగా గీతలుగా గీశాడు. ఆయన చుక్కలు పిల్లలు. నా చుక్కలు పిల్లలు మాట్లాడిన విషయాలు. రెండు విషయాలు ఒకే మాటల్లో కలిసి వస్తే వాటి మధ్య గీత. ఎన్నిసార్లు కలిస్తే గీత అంత లావు.

జులై 6

రికార్డింగులు విని రాయడం సాగుతోంది. గంటసేపటి మాటకు నాకు ఆరేడు గంటలు పడుతోంది. పిల్లలు అన్నది అన్నట్టే రాస్తున్నాను, దిద్దడం లేదు. తెలుగు వాక్యంలో ఒడియా మాట వస్తే దాన్నీ తెలుగు లిపిలో అలాగే ఉంచుతున్నాను. "డర లాగింది గురుమా" అన్న పిల్లవాడి మాటను "భయమేసింది టీచర్" అని మార్చి రాస్తే నాకు మిగిలేది నా తెలుగు. వాడిది పోతుంది.

జులై 12

మాటల పట్టిక తయారు చేయడంలోనే వారం గడిచింది. కంప్యూటర్‌కు "ఇల్లు", "ఇంటికి", "ఇళ్లలో" మూడు వేర్వేరు మాటలు. చివరి ప్రత్యయాన్ని కోసేసే చిన్న ప్రోగ్రాం రాశాను. "తరగతిలో", "తరగతికి" వంటివాటికి అది చక్కగా సరిపోయింది. "బడి" దగ్గర తడబడింది, ఎందుకంటే "బళ్లో" అన్నప్పుడు కోత ప్రత్యయం దగ్గర ఆగదు, మాట మొదలే మారిపోయి ఉంటుంది. చివరికి అలాంటి మాటలన్నిటికీ చేత్తో పట్టిక రాసుకున్నాను. బడి, బళ్లో, స్కూలు, ఇస్కూలు అన్నీ ఒక్క చుక్క. పుస్తకం, బహి ఒక్క చుక్క. భయం, డర ఒక్క చుక్క.

"మాస్టారు", "గురుమా" దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. రెండూ ఉపాధ్యాయులనే చెబుతాయి కాబట్టి కలిపేయవచ్చు. కానీ గురుమా అంటే ఆవిడ, మాస్టారు అంటే ఆయన. కలిపేస్తే ఆ తేడా ఇక ఎప్పటికీ తిరిగి రాదు. విడిగానే ఉంచాను. ముందు ముందు ఆ తేడా అక్కరకు రావచ్చు.

జులై 19

మొదటి బొమ్మ. నెట్‌వర్క్‌లు, అంటే ఇలాంటి చుక్కల గీతల బొమ్మలు గీసే గెఫీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరవగానే మధ్యలో "భాష", దాని పక్కన "భయం", రెండింటి మధ్య అన్నిటికంటే లావు గీత. నేను ఊహించినది కళ్లముందు కనిపించింది. నిజంగా పొంగిపోయాను. సాయంత్రం నా తోటి పరిశోధకురాలికి చూపించాను. ఆమె మాతృభాష ఒడియా, తెలుగు బాగా వచ్చు, ఈ పనిలో నాకు సగం చెయ్యి ఆమెదే.

ఆమె బొమ్మను చూసి ఒక్కటే అడిగింది. "అక్కా, భయం అన్న మాట ముందు ఎవరి నోటి నుంచి వచ్చింది?"

రాతప్రతులు తెరిచాం. ముందు వచ్చింది నా నోటి నుంచి. "ఒడియాలో పాఠం చెబితే మొదట్లో భయం వేసిందా?" అని నేను దాదాపు ప్రతి పిల్లనూ అడిగాను. నా ప్రశ్నలను కూడా లెక్కలోకి వదిలాను. వాటిని తీసేసి మళ్లీ గీస్తే లావు గీత నూలుపోగు అయింది. మిగిలిన ఆ పోగులోనూ సగం "భయం లేదు" అన్నవే. కంప్యూటర్ "భయం" వరకు లెక్కపెట్టింది, "లేదు"ను పట్టించుకోలేదు. "అర్థం కాలేదు"లో "అర్థం" ఉందని సంబరంగా కలిపింది.

ఇంటర్వ్యూల మీద నెట్‌వర్క్ గీయాలనుకునే వారికి నేను మొదట చెప్పదలచినది ఇదే. అడిగినవారి మాటలకు వేరే నిలువు గడి పెట్టుకోండి. వాటిని చదవండి, లెక్కలో కలపకండి.

ఆగస్టు 10

మాటల లెక్క పక్కన పెట్టాను. ఇప్పుడు ప్రతి వాక్యాన్నీ మనిషి చదివి, అందులో ఏ విషయం ఉందో గుర్తు వేయాలి. ఆ గుర్తులే కోడ్‌లు. 14 కోడ్‌లు రాసుకున్నాం. ఒక్కో కోడ్‌కు నిర్వచనం, అది వర్తించే ఒక ఉదాహరణ, వర్తించేలా కనబడినా వర్తించని మరొక ఉదాహరణ. ఈ మూడోదే మాకు ఎక్కువ ఉపయోగపడుతోంది.

ఇద్దరం విడివిడిగా ఒకే రాతప్రతిని కోడ్ చేసి పోల్చాం. "నూటికి ఎనభై వాక్యాల్లో ఇద్దరిదీ ఒకే మాట, చాలు కదా" అనిపించింది. చాలదు. ఒక ఉదాహరణ వేసి చూశాం. నూరు వాక్యాల్లో ఒక కోడ్‌ను నేను పదింటికి పెట్టాను, ఆమె పదింటికి పెట్టింది, కానీ ఒక్క వాక్యంలోనూ కలవలేదు. అయినా 80 వాక్యాల్లో ఇద్దరం "లేదు" అన్నాం కాబట్టి ఏకాభిప్రాయం 80 శాతం. కళ్లు మూసుకుని గుర్తులు పెట్టినా 82 శాతం కలుస్తుంది. జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా సూత్రం ఆ కాకతాళీయాన్ని తీసేసి చూస్తుంది. పై ఉదాహరణకు కప్పా సున్నా కంటే తక్కువ, మైనస్ 0.11. అరుదుగా వచ్చే కోడ్‌ల విషయంలో శాతాలను నమ్మకూడదని అప్పుడు ఒంటబట్టింది.

ఆగస్టు 29

ఈ రోజు గిడుగు రామమూర్తి పుట్టినరోజు. పర్లాకిమిడిలో ఇది మామూలు తేదీ కాదు. ఆయన పాఠం చెప్పింది ఈ ఊళ్లోనే. కొండల్లోని సవర గిరిజనుల మధ్యకు వెళ్లి వారి మాట నేర్చుకుని, దానికి వ్యాకరణం రాసి 1931లో, నిఘంటువు కూర్చి 1938లో వెలువరించారు. పర్లాకిమిడి ఒడిషాలో కలిసిన 1936లోనే ఊరు విడిచి వెళ్లిపోయారు. మనుషులు నిజంగా మాట్లాడే మాటకు చెవి ఒగ్గాలన్నది ఆయన జీవితమంతా చేసిన పని. నేను ఈ రోజు చేసిన పనికీ దానికీ దగ్గర చుట్టరికం ఉంది.

ఇద్దరం కూర్చుని ఒక మూడో తరగతి పిల్లవాడి రాతప్రతి బిగ్గరగా చదువుతున్నాం.

"లెక్కలు అర్థం కాలేదు. అడిగాను. చెప్పింది. మళ్లీ చేశాను. వచ్చింది."

నేను "ఉపాధ్యాయురాలి సాయం" అని కోడ్ పెట్టి ముందుకు పోబోతుంటే ఆమె ఆపింది. "చెప్పింది అంటే ఎవరు చెప్పింది?"

"గురుమా. ఇంకెవరు?"

"గురుమా అని ఇక్కడ లేదు కదా అక్కా."

లేదు. పై వాక్యంలోనూ లేదు, ఆ పై వాక్యంలోనూ లేదు. తెలుగులో క్రియ ఉంటే చాలు, కర్త ఊరుకుంటుంది. వినేవాడు పూరించుకుంటాడు. నేను తెలుగులో పుట్టి పెరిగాను కాబట్టి పూరించుకున్నానని కూడా తెలియకుండా పూరించుకున్నాను. ఆమె ఒడియా క్రియలో ఆడా మగా తేడా ఉండదు. "కహిలా" అంటే చెప్పాడు, చెప్పింది, రెండూ. తెలుగులో ఆ "ఇంది" కనబడిన ప్రతిచోటా ఆమె ఆగి, ఎవరా అని వెతుకుతుంది. ఆ ఆగడం నాకు లేదు.

రికార్డింగు మళ్లీ పెట్టాం. పిల్లవాడు "అడిగాను" అన్నప్పుడు వెనక గదిలో గిన్నెల చప్పుడు. ఒక అమ్మాయి గొంతు ఏదో అంటుంది, పిల్లవాడు అటు తిరిగి నవ్వుతాడు. తరువాతే "చెప్పింది" అంటాడు. వాడు చెప్పింది తన అక్క గురించి.

రాత్రి నిద్ర పట్టలేదు. ఇలాంటి "చెప్పింది"లు ఇంకా ఎన్నిటిని నేను గురుమా ఖాతాలో రాశాను?

సెప్టెంబరు 14

కొత్త నిలువు గడి తెరిచాం. పేరు "ఎవరు". చెప్పింది, చూపించింది, రాసిచ్చింది, తిట్టింది, నవ్వింది వంటి క్రియ వచ్చిన ప్రతిచోటా కర్తను నింపాలి. ముందు వెనక వాక్యాల్లో ఆధారం దొరికితేనే నింపాలి. రికార్డింగులో దొరికితే దానికి వేరే గుర్తు. ఎక్కడా దొరకకపోతే ఖాళీగా వదలాలి, ఊహించకూడదు.

ఒక అడ్డదారి కనిపించింది. గురువుకు "చెప్పారు", అక్కకు "చెప్పింది" అంటారు కదా, గౌరవ రూపాన్ని బట్టి విడదీయవచ్చు అనుకున్నాం. రెండు రాతప్రతుల్లోనే ఆ ఆశ పోయింది. చిన్నపిల్లలు "గురుమా చెప్పింది" అని చనువుగా అనేస్తారు. ఒక పిల్ల "మా అక్కావాళ్లు చెప్పారు" అంది. అక్కడ "చెప్పారు" చివరి "ఆరు" గౌరవం కాదు, ఇద్దరు ముగ్గురని. అడ్డదారి వదిలేశాం. ఒక్కొక్కటిగా చదువుతున్నాం.

అక్టోబరు 5

దసరా సెలవుల్లో ఖాళీ గడులు నింపడానికి మళ్లీ ఊళ్లకు వెళ్లాను. పిల్లలకు వాళ్ల మాటే వినిపించి, "ఇక్కడ చెప్పింది ఎవరు?" అని అడిగాను. ఏ పిల్లా తడుముకోలేదు. "మా అక్క." "పక్కింటి అపా" (ఒడియాలో అపా అంటే అక్క). "పెద్దమ్మ కూతురు." వాళ్లకు అది దాచిన విషయం కాదు, చెప్పనవసరం లేనంత తెలిసిన విషయం. గురుమా అని నేను రాసుకున్న వాటిలో మూడో వంతుకు పైగా ఇలాంటి అమ్మాయిలవే. ఆ వరుసలన్నీ దిద్దాను. పదిహేనో కోడ్ పుట్టింది. ఏ పేరు పెట్టాలో చాలాసేపు ఆలోచించి "దుబాసీ" అని పెట్టాం, ఒక భాష మాటను ఇంకో భాషలో చెప్పే మనిషి అని.

అక్టోబరు 26

ఇప్పుడు గీతలు గీసే పద్ధతి. ఇక్కడే రోజులు గడిచిపోయాయి, గడవాల్సిందే.

"కలిసి రావడం" అంటే ఎంత దగ్గరగా? ఒకే జవాబులో అనుకుంటే పెద్దవారి మాట మొత్తాన్ని మింగేస్తుంది. ఒక ఉపాధ్యాయుడు ఒకే జవాబులో ఎనిమిది విషయాలు ఎత్తారు. ఎనిమిదింటిని జతలు చేస్తే 28 గీతలు. పిల్లలు అలా మాట్లాడరు. "రాదు." "ఊఁ." "అక్కని అడిగాను." ఒక్కో జవాబుకు ఒక్క విషయం, జత లేదు, గీత లేదు. ఎవరి గురించి ఈ పనంతా మొదలుపెట్టానో వాళ్లే బొమ్మలో ఉండరు.

డేవిడ్ విలియమ్సన్ షాఫర్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తన బృందంతో అభివృద్ధి చేసిన ఎపిస్టెమిక్ నెట్‌వర్క్ అనాలిసిస్ అనే పద్ధతి ఈ చిక్కుకు రెండు దారులు చూపుతుంది. ఒకటి, జరిగే కిటికీ. ఒక్కో వాక్యం దగ్గర నిలబడి, దానికి ముందున్న కొన్ని వాక్యాలను కలిపి చూసి, కొత్త వాక్యంలోని విషయం వాటిలో దేనితో కలుస్తుందో లెక్కించడం. మూడు చిన్న జవాబుల్లో చెదిరిన పిల్లవాడి ఆలోచన అప్పుడు ఒక్కటిగా కనబడుతుంది. రెండు, ఒక్కొక్కరి గీతల మొత్తాన్నీ ఒకే కొలతకు తేవడం. ఎక్కువ మాట్లాడినవారి నెట్‌వర్క్ పెద్దదిగా కాక, వేటిని వేటితో కలిపారన్నది మాత్రమే పోలికలోకి వస్తుంది.

కిటికీ ఎంత? రెండు వాక్యాలతో గీశాను, నాలుగుతో గీశాను, ఏడుతో గీశాను. ఏడుతో అన్నీ అన్నిటితో కలిసిపోయి ముద్ద అయింది. రెండుతో పిల్లల బొమ్మ చాలా చోట్ల తెగిపోయింది. అంకె ఎంచడానికి కంప్యూటర్‌ను అడగలేదు. పది రాతప్రతులు తీసుకుని, ఒక పిల్ల "అది", "అందుకే", "అప్పుడు" అన్నప్పుడు ఎంత వెనక్కి చూస్తోందో చేత్తో లెక్కపెట్టాం. చాలావరకు నాలుగు వాక్యాల లోపే. నాలుగు ఖాయం చేశాం. కారణం రాసి పెట్టుకున్నాం.

నవంబరు 16

బొమ్మ వచ్చింది. ఈసారి పొంగిపోవడానికి తొందరపడలేదు.

పిల్లల నెట్‌వర్క్‌లో "ఇల్లు", "తెలుగు", "అమ్మ", "ఆట" ఒక గుంపు. "తరగతి", "ఒడియా", "లెక్కలు", "గురుమా" ఇంకో గుంపు. మధ్యలో "దుబాసీ". దానికి గీతలు ఎక్కువేమీ లేవు, లావూ కాదు. కానీ ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు పోయే దారుల్లో చాలావరకు దాని మీదుగానే పోతున్నాయి. లింటన్ ఫ్రీమన్ 1977లో కొలత ఇచ్చిన మధ్యస్థత ఇదే: మిగతా చుక్కల జతల మధ్య అతి దగ్గరి దారుల్లో ఎన్ని ఈ చుక్క గుండా వెళ్తాయి? ఎన్ని గీతలున్నాయన్న లెక్క మాత్రమే చూసుంటే దుబాసీ అడుగు వరుసలో ఉండేది. ఆ చుక్కను తీసేసి గీశాను. ఇంటికీ తరగతికీ మధ్య రెండు సన్నని గీతలు మాత్రం మిగిలాయి.

ఇక ప్రతి గీత కిందా ఉన్న వాక్యాలు అచ్చు తీసి చదివాం. ఇది చేయకుండా బొమ్మను ఎవరికీ చూపకూడదని నేను ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. గీత అంటే రెండు విషయాలు దగ్గర దగ్గరగా వచ్చాయని మాత్రమే. ఒకటి ఇంకోదానికి కారణం అని కాదు. "దుబాసీ", "లెక్కలు" మధ్య గీత కింద ఏమున్నాయో చదివితే తప్ప తెలియదు. చదివితే ఇది ఉంది:

"హరణ అంటే సీతమ్మను ఎత్తుకుపోవడం అనుకున్నాను. అక్క కాదంది. పంచడం అంది. గింజలు పంచి చూపించింది."

ఒడియాలో భాగహారాన్ని హరణ అంటారు. ఇంట్లో రామాయణం విన్న తెలుగు పిల్లవాడికి హరణం అంటే ఒక్కటే అర్థం. కూడికను మిశాణ అంటే మిశ్రమం గుర్తొచ్చి కొంత అందుతుంది. తీసివేతను ఫెడాణ అంటే ఏ ఆధారమూ లేదు. గుణన సులువు. ఈ నాలుగు మాటల్లో ఏది తెలుగు పిల్లను తోవ తప్పిస్తుందో ఎనిమిదేళ్ల తమ్ముడి పక్కన గింజలు పట్టుకుని కూర్చున్న ఆ అమ్మాయికి తెలుసు. పాఠ్యప్రణాళిక రాసేవారికి కావలసిన జ్ఞానం అది.

నవంబరు 30

ఉపాధ్యాయుల నెట్‌వర్క్ విడిగా గీసి పక్కన పెట్టాను. అందులో హాజరు, ఇల్లు, తల్లిదండ్రులు, పుస్తకాలు, భాష అన్నీ ఉన్నాయి. "దుబాసీ" చుక్క లేదు. ఐదుగురిలో ఒక్కరూ ఎత్తలేదు.

వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఒక గురుమా దగ్గరకు వెళ్లి బొమ్మ చూపించాను. చాలాసేపు చూసి అన్నారు: "నాకు తెలుసమ్మా. విరామంలో ఆ పిల్ల మా తరగతి గుమ్మం దగ్గరకు వస్తుంది. తమ్ముడికి ఏదో చెప్పి వెళ్తుంది. మీరు పాఠం గురించి అడిగారు, నేను పాఠం గురించి చెప్పాను. అది కూడా పాఠమేనని నాకు తట్టలేదు."

నా ప్రశ్నావళి మళ్లీ తీసి చూశాను. "మీరు ఎలా బోధిస్తారు?" అని ఉంది. ఆ ప్రశ్నలో కర్త "మీరు" ఒక్కరే.

డిసెంబరు 14

గజపతి జిల్లా కొండల వైపు సవర పిల్లలున్న బడులకు ఈ పద్ధతిని తీసుకెళ్లాలని ఉంది. ఒడిషాలో 2006-07 నుంచి గిరిజన భాషల్లో బహుభాషా విద్య నడుస్తోంది, సవర కూడా వాటిలో ఒకటి. అక్కడ "ఎవరు" గడి నింపడం నా వల్ల కాదు. సవర మాతృభాషగా ఉన్నవారే రాతప్రతులు రాయాలి, వారే మొదటి కోడర్ కావాలి. రెండో కోడర్‌గా బయటి చెవి ఉండాలి. మా ఇద్దరి విషయంలో జరిగింది చూశాక ఈ జోడీ లేకుండా పని మొదలుపెట్టను.

డిసెంబరు 20

పెద్ద తోబుట్టువులు బడిలో లేని పిల్లలు ఆరుగురు. వాళ్ల నెట్‌వర్క్‌లు విడిగా గీశాను. నలుగురి బొమ్మల్లో ఇల్లు ఒకవైపు, తరగతి ఒకవైపు, మధ్యలో "ఊరుకోవడం" అని మేము పెట్టిన కోడ్. మిగతా ఇద్దరి బొమ్మలు మాత్రం అక్కలున్న పిల్లల బొమ్మల్లాగే కలిసి ఉన్నాయి. ఎందుకో బొమ్మలో కనబడలేదు.

ఆ ఇద్దరి రాతప్రతులు మొదటి నుంచి చదివాను. ఇద్దరూ ఒక మాట అన్నారు, మేము ఏ కోడూ పెట్టకుండా దాటేశాం. "గుమ్మం దగ్గర కూర్చుంటాను." ఒకరు రెండుసార్లు, ఒకరు ఒకసారి.

నిన్న వెళ్లి అడిగాను. గుమ్మం దగ్గరే ఎందుకు?

రెండో తరగతి పిల్ల చెప్పింది: "విరామంలో వాళ్ల తమ్ముడికి చెబుతుంది కదా. అక్కడ కూర్చుంటే నాకూ వినబడుతుంది."

"గుమ్మం" పదహారో కోడ్. 31 రాతప్రతులూ దాని కోసం మళ్లీ చదవాలి. సంక్రాంతి లోపు సగం అవుతాయి.